ఒక్క స్టేషను దూరం

అమీర్‌పేట మెట్రో స్టేషను నుంచి పంజాగుట్ట మెట్రో స్టేషనుకు దూరం కిలోమీటరుకు కాస్త అటూ ఇటూ. పైన రైలు పోతుంది. కింద సిటీ బస్సు, ఆటో, ఓలా, ఉబర్ కార్లు పోతాయి. వాటి మధ్య సందు వెతుక్కుంటూ ర్యాపిడో బైకు పోతుంది. ఫుట్‌పాత్ ఖాళీగా ఉన్నచోట మనిషి కూడా పోతాడు. హైదరాబాద్‌లో తిరగడం ఎలా అని ఎవరైనా అడిగితే ఊరంతా వివరించే బదులు ఈ కిలోమీటరు సంగతి చెబితే చాలు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ ఎలా వెళ్లాలో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. మెట్రో ఎక్కాలి, కూర్చోడానికి చోటు దొరికితే కూర్చోవాలి, చివర్లో దిగాలి. చిక్కులన్నీ దగ్గరి దూరాల్లోనే ఉన్నాయి. రైలెక్కే ముందు రెండొందల మీటర్లు, దిగాక మూడొందల మీటర్లు, మధ్యలో దాటాల్సిన ఒక రోడ్డు. మన టైమూ డబ్బూ ఓపికా హరించుకుపోయేది అక్కడే.

ఇక్కడికి వచ్చే జనం కూడా అలాంటివాళ్లే. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకోవడానికి శ్రీకాకుళం నుంచో ఖమ్మం నుంచో వచ్చి ఎస్సార్ నగర్ హాస్టల్లో దిగిన పిల్లలు. రిపోర్టుల సంచీ చంకలో పెట్టుకుని నిమ్స్ ఆసుపత్రికి వచ్చిన రోగులు, వాళ్ల వెంట వచ్చిన బావమరుదులు. మంగళ, శుక్రవారాల్లో ప్రజావాణిలో అర్జీ ఇవ్వడానికి జిల్లాల నుంచి ప్రజాభవన్‌కు వచ్చినవాళ్లు. పెళ్లి నగలు చూడ్డానికి పంజాగుట్ట షోరూములకు వచ్చిన కుటుంబాలు. వీళ్లలో చాలామందికి ఈ ఊరు కొత్త. ఊరేమో అందరికీ అన్నీ తెలుసనుకుని బోర్డులు పెడుతుంది.

ముందు రైలు సంగతి చూద్దాం. హైదరాబాద్ మెట్రోను ప్రధాని నరేంద్ర మోదీ 2017 నవంబరు 28న ప్రారంభించారు. మర్నాటి నుంచి జనాన్ని ఎక్కించుకున్నారు. మొదట తెరిచింది 30 కిలోమీటర్లు, 24 స్టేషన్లు. మియాపూర్ నుంచి అమీర్‌పేటకు ఒక ముక్క, అమీర్‌పేట నుంచి నాగోలుకు ఇంకో ముక్క. మొదటిరోజు నుంచే అమీర్‌పేట అందరూ దిగి మారే చోటన్నమాట. అక్కడి నుంచి ఎల్బీనగర్ వైపు రైళ్లు 2018 సెప్టెంబరు 24న మొదలయ్యాయి. ఆ పది నెలలూ పంజాగుట్టవాళ్లు నెత్తిమీద కట్టిన స్టేషను చూసుకుంటూ అమీర్‌పేట దాకా నడిచి వచ్చి రైలెక్కారు. హైటెక్ సిటీ వైపు దారి 2019 మార్చి 20న తెరిచారు, రాయదుర్గం దాకా అదే ఏడాది నవంబరు 29న పొడిగించారు. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ వెళ్లే ఆకుపచ్చ లైను 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. నెలన్నర తిరగకుండానే కరోనా వచ్చి మొత్తం మూతపడింది. మళ్లీ పట్టాలెక్కింది ఆ సెప్టెంబరులో.

ఈ మెట్రో ఎక్కడా భూమిలోకి దిగదు. మూడు లైన్లూ పూర్తిగా స్తంభాల మీదే. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన కొత్తలో అసెంబ్లీ దగ్గర, సుల్తాన్ బజార్‌లో భూగర్భంలోంచి తీసుకెళ్లాలన్న చర్చ గట్టిగానే నడిచింది కానీ చివరికి రైలు పైనే ఉండిపోయింది. దీనివల్ల ప్రయాణికుడికి ఒక లాభం, ఒక నష్టం. కిటికీలోంచి ఊరు కనబడుతుంది కాబట్టి మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. అయితే ఏ స్టేషనులోనైనా రెండంతస్తులు ఎక్కాలి, దిగేచోట మళ్లీ రెండంతస్తులు దిగాలి. మొదటి అంతస్తులో టిక్కెట్లు, సెక్యూరిటీ, గేట్లు. ప్లాట్‌ఫారం ఆ పైన. అమీర్‌పేటలో రెండు లైన్లు కలుస్తాయి కాబట్టి ఎక్కాల్సిన మెట్లు ఇంకొన్ని ఎక్కువ. ఒక లైను ప్లాట్‌ఫారాలు ఒక అంతస్తులో, రెండోదానివి ఇంకో అంతస్తులో ఉంటాయి. లిఫ్టులూ ఎస్కలేటర్లూ ఉన్నాయి. ఆఫీసుల వేళ లిఫ్టు ముందు క్యూ చూస్తే మెట్లే నయమనిపిస్తుంది, పెట్టె చేతిలో లేకపోతే.

అమీర్‌పేటలో తికమక పడకుండా ఉండాలంటే లైను రంగు కన్నా నాలుగు ఊళ్ల పేర్లు గుర్తుపెట్టుకోవడం మేలు. ఎరుపు లైనుకు ఒక కొస మియాపూర్, ఇంకో కొస ఎల్బీనగర్. నీలం లైనుకు ఒక కొస నాగోలు, ఇంకో కొస రాయదుర్గం. బోర్డుల మీద, రైలు నుదుటి మీద, అనౌన్స్‌మెంట్లలో వినిపించేవి ఈ కొసల పేర్లే. పంజాగుట్ట వెళ్లాలంటే ఎల్బీనగర్ రైలెక్కాలి. బేగంపేట వెళ్లాలంటే నాగోలు రైలు. మాదాపూర్ వెళ్లాలంటే రాయదుర్గం రైలు. “పంజాగుట్ట రైలేది?” అని సెక్యూరిటీ అమ్మాయిని అడిగితే ఆమె చెయ్యి చూపించే లోపు ఇంకో నలుగురు ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతారు.

ఉదయం ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా రాయదుర్గం వైపు ప్లాట్‌ఫారం మీద నిలబడటమే ఒక పని. కూకట్‌పల్లి వైపు నుంచి ఎరుపు లైనులో వచ్చినవాళ్లు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చినవాళ్లు, హాస్టళ్ల నుంచి వచ్చినవాళ్లు అందరూ ఇక్కడే మారతారు. రైలుకు మూడే బోగీలు. ఆరు దాకా పెంచుకునే వీలుతో కట్టిన ప్లాట్‌ఫారం మీద మూడు బోగీల రైలు ఆగుతుంది కాబట్టి చివర నిలబడ్డవాళ్లు పరుగెత్తాలి. నేల మీద గీసిన గుర్తుల దగ్గర నిలబడితే ఆ పరుగు తప్పుతుంది. ఆడవాళ్లకు ఒక బోగీలో కొంత భాగం కేటాయించారు. కొత్తగా వచ్చిన మగపిల్లలు తెలియక అందులోకి ఎక్కేసి, తర్వాతి స్టేషను దాకా తలొంచుకుని ఫోను చూసుకుంటూ నిలబడటం ఇక్కడ నిత్యకృత్యం. మెట్రోలో రోజువారీ ప్రయాణికులు మొదటిసారి 5 లక్షలు దాటింది 2023 జులైలో. ఆ రోజు వాళ్లంతా తన భుజం మీదే వాలారని అమీర్‌పేటలో రైలు మారినవాళ్లు ఎవరైనా ప్రమాణం చేసి చెబుతారు.

ఛార్జీల విషయానికొస్తే, మొదట్లో 10 రూపాయల నుంచి 60 దాకా ఉండేవి. 2025 మే 17న 12 నుంచి 75కు పెంచారు. గొడవ కావడంతో వారం తిరిగేసరికి పది శాతం తగ్గించారు. దాంతో కనీసం 11, గరిష్ఠం 69 అయింది. టిక్కెట్టు కౌంటర్లో తీసుకోవచ్చు, వాట్సాప్‌లో తీసుకోవచ్చు, స్మార్ట్ కార్డు గీకవచ్చు. కౌంటర్ దగ్గర పదకొండు రూపాయలకు చిల్లర వెతకడం చూశాక ఆ ఒక్క రూపాయి ఎవరి ఆలోచనో అనిపిస్తుంది.

ఇప్పుడు లెక్కకొద్దాం. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఒక్క స్టేషను. టిక్కెట్టు 11 రూపాయలు. రైలు నడిచేది రెండు నిమిషాలు. కానీ కింద రోడ్డు మీద నుంచి పైకి ఎక్కడానికి మూడు నాలుగు నిమిషాలు, సెక్యూరిటీలో సంచీ వెళ్లి బయటికి రావడానికి రెండు, రైలు కోసం మూడో నాలుగో, దిగాక మళ్లీ కిందికి రావడానికి మూడు. తీరిగ్గా నడిచే మనిషి కూడా కిలోమీటరును పావుగంటలో నడిచేస్తాడు. రెండూ ఒకటే. అంటే ఈ దూరానికి రైలు ఎక్కితే కొనుక్కున్నది వేగం కాదు, నీడ. ఏప్రిల్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకు పదకొండు రూపాయలకు అంత ఏసీ దొరకడం మంచి బేరమే. డిసెంబరు సాయంత్రం మాత్రం దండగ.

ఇది మన ఒక్క ఊరి తిప్పలు కాదు. లండన్‌లో లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ అని రెండు అండర్‌గ్రౌండ్ స్టేషన్లున్నాయి. వాటి మధ్య దూరం సుమారు 260 మీటర్లు. కొత్తవాళ్లు మ్యాప్ చూసి దూరమనుకుని రైలెక్కుతారు. చివరికి 2015లో అక్కడి రవాణా సంస్థే ఏ స్టేషను నుంచి ఏ స్టేషనుకు ఎన్ని నిమిషాల నడకో రాసి ఒక మ్యాప్ విడుదల చేసింది. రైళ్లు నడిపేవాళ్లే ‘ఈ ముక్కకు నడవండి’ అని చెప్పారన్నమాట. మన దగ్గర అలాంటి మ్యాప్ వేస్తే పంజాగుట్ట నుంచి తర్వాతి స్టేషను ఎర్రమంజిల్‌కు ఎన్ని నిమిషాలో రాయొచ్చు. ఆ నిమిషాల్లో రోడ్డు దాటడానికి పట్టేవి ఎన్నో రాయడం మాత్రం కష్టం.

రోడ్డు దాటడం గురించి ఒక చిట్కా. కొత్తవాళ్లకే కాదు, ఇక్కడ ఏళ్లుగా ఉంటున్నవాళ్లలోనూ చాలామందికి తెలియదు. మెట్రో స్టేషను మొదటి అంతస్తులో గేట్లకు ఇవతలి భాగానికి టిక్కెట్టు అక్కర్లేదు. రోడ్డుకు ఒక పక్క మెట్లెక్కి, ఆ హాల్లోంచి నడిచి, రెండో పక్క దిగిపోవచ్చు. అమీర్‌పేటలో గానీ పంజాగుట్టలో గానీ అంత పెద్ద రోడ్డును ప్రాణభయం లేకుండా దాటడానికి ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు. ఎ, బి, సి, డి అని రాసిన దారుల్లో మనకు కావాల్సినది ఏదో పైనున్నప్పుడే చూసుకోవాలి. తప్పు దారిలో దిగితే మళ్లీ ఎక్కి దిగడమా, వాహనాల మధ్యలోంచి చెయ్యి చాపుకుంటూ దాటడమా అన్న ప్రశ్న ఎదురవుతుంది. మనవాళ్లు రెండోదానికే మొగ్గుతారు. చెయ్యి చాపితే బస్సు ఆగుతుందన్న నమ్మకం ఈ ఊరి పౌరసత్వంలో భాగం.

పంజాగుట్టలో దిగేవాళ్లలో పెద్ద వాటా నిమ్స్‌ది. 1964లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలైన ఆ ఆవరణ ఇప్పుడు పంజాగుట్ట, ఎర్రమంజిల్ స్టేషన్ల నడుమ పరుచుకుని ఉంటుంది. ఏ స్టేషనులో దిగాలన్నది మీరు వెళ్లాల్సిన గేటు మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి బయల్దేరే ముందు డాక్టరు పేరుతోపాటు బ్లాకు పేరు కూడా అడిగి తెలుసుకోవాలి. మోకాళ్ల నొప్పితో వచ్చినవాళ్లు, ఆపరేషనయి కుట్లు విప్పించుకోవడానికి వచ్చినవాళ్లు మెట్రో చౌక అని ఎక్కి ఆఖరి నాలుగొందల మీటర్ల దగ్గర చిక్కుకుపోతారు. వాళ్లకు మాత్రం గేటు లోపలి దాకా వచ్చే ఆటోయే సరైన బండి, అడిగినంత ఇచ్చి అయినా సరే.

మరోవైపు, పంజాగుట్ట స్టేషను పక్కనే పెద్ద మాల్ ఉంది, ఎర్రమంజిల్‌లోనూ ఉంది. ఇది యాదృచ్ఛికం కాదు. 2010లో మెట్రో కట్టడానికి ఎల్ అండ్ టీతో కుదిరిన ఒప్పందంలో రైలుతోపాటు స్థలాలూ ఉన్నాయి. 269 ఎకరాల్లో, కోటీ ఎనభై అయిదు లక్షల చదరపు అడుగుల వరకు కట్టి అద్దెలకిచ్చుకునే హక్కు ఇచ్చారు. టిక్కెట్టు డబ్బు ఒక్కటే అయితే గిట్టుబాటు కాదని లెక్క ముందే వేసుకున్నారన్నమాట. అందుకే షాపింగ్‌కు వెళ్లేవాడికి ఎండ తగలకుండా దారి దొరుకుతుంది. డాక్టరుకు చూపించుకోవడానికి వెళ్లేవాడు గొడుగు తెచ్చుకోవాలి. ఎవరి తప్పూ అనలేం, ఒప్పందం అలా ఉంది.

ఇక ఆటో, టాక్సీ. ఇక్కడ అసలు సమస్య డివైడరు. మెట్రో పిల్లర్ల వరస రోడ్డును నిలువునా రెండుగా చీల్చింది. మీరు ఏ పక్క నిలబడి బండి పిలిచారన్నది మీరు ఎక్కడికి వెళ్లాలన్నదానికన్నా ముఖ్యం. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్లాల్సినవాడు ఎస్సార్ నగర్ వైపు వాహనాలు వెళ్లే పక్కన నిలబడి కారు బుక్ చేస్తే ఆ కారు ముందు వ్యతిరేక దిశలో వెళ్లి, యూటర్న్ దొరికేదాకా పోయి, తిరిగి మీరు నిలబడ్డ చోటును దాటుకుంటూ వస్తుంది. కిలోమీటరు ప్రయాణం రెండున్నర కిలోమీటర్లవుతుంది. మీటరు తిరుగుతుంది, మనసు మండుతుంది. బుక్ చేసే ముందు మెట్రో హాల్లోంచి నడిచి అవతలి పక్కకు వెళ్లి పిలిస్తే యాభై రూపాయలు మిగులుతాయి. ఈ చిన్న పని ఎందుకో ఎవరూ చెయ్యరు. వేలు కదిపితే బండి వస్తుంటే కాలు ఎందుకు కదపాలి అనుకుంటారేమో.

డ్రైవరు ఫోన్ చేసి “ఏడున్నరు సార్?” అంటాడు. “అమీర్‌పేట మెట్రో కింద” అంటే పని కాదు, మెట్రో కింద కొన్ని వేలమంది ఉంటారు. పిల్లరు నంబరు చెప్పాలి. మొదటి కారిడారు, అంటే ఎరుపు లైను పిల్లర్లకు ఎ, మూడో కారిడారు, అంటే నీలం లైను పిల్లర్లకు సి అక్షరంతో నంబర్లు రాసి ఉంటాయి. ఇంజనీర్లు తమ సౌకర్యం కోసం వేసుకున్న ఈ నంబర్లు ఇప్పుడు హైదరాబాద్ చిరునామాలయ్యాయి. బట్టల షాపుల బోర్డుల మీద, పెళ్లి కార్డుల మీద, దంతవైద్యుల ప్రకటనల్లో ‘మెట్రో పిల్లర్ నంబరు ఫలానా ఎదురుగా’ అని అచ్చవుతోంది. దీనికి ముందే అత్తాపూర్ వైపు పీవీ నర్సింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్లు చిరునామాలైపోయాయి కాబట్టి కొత్త అలవాటేమీ కాదు. ఇంటి నంబరు మున్సిపాలిటీకి తెలుస్తుంది, పిల్లరు నంబరు ఆటో అన్నకు తెలుస్తుంది. మనల్ని ఇంటికి చేర్చేది ఎవరో అందరికీ తెలిసిందే.

యాప్ లేకుండా చెయ్యి ఎత్తి ఆపే ఆటో సంగతి వేరు.

“నిమ్స్ వస్తవా అన్నా?”

“నూటయాభై ఇయ్యుండ్రి.”

“గీడికి గీడనే, నూటయాభయ్యా?”

“యూటర్న్ కొట్టాలె కద సార్. జామున్నది. గ్యాస్ రేటు తెల్సు కద.”

చట్టం ప్రకారం ఆటోలకు మీటరు ఉంది. 2014లో సవరించిన ధర ప్రకారం మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆ తర్వాత కిలోమీటరుకు 11. అంటే అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మీటరు మీద 20 రూపాయలే కావాలి. ఆ ధరకు రమ్మని అడిగితే డ్రైవరు కోప్పడడు, నవ్వుతాడు. అతని నవ్వులోనూ న్యాయం ఉంది, 2014లో అన్నం ప్లేటు ఎంతో ఇప్పుడెంతో అతనికీ మనకూ తెలుసు. ధర ఎప్పటికప్పుడు సవరించకుండా వదిలేస్తే చట్టం కాగితం మీదా, బేరం రోడ్డు మీదా బతుకుతాయి.

యాప్ బండ్లు దగ్గరి దూరాలకు రాకపోవడానికీ కారణం ఉంది. బుకింగ్ ఒప్పుకున్నాక మన దగ్గరికి రావడానికి అతను ఒకటిన్నర కిలోమీటరు ఖాళీగా నడపాలి, ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఆగాలి. మనల్ని తీసుకెళ్లేదేమో ఒక కిలోమీటరు. ఆ మొత్తంలో అతనికి మిగిలేది చాయ్ డబ్బులు. అందుకే “ఎక్కడికి, క్యాషా ఆన్‌లైనా?” అని అడిగి, జవాబు విని, మౌనంగా క్యాన్సిల్ చేస్తాడు. ఇప్పుడు చాలా యాప్‌లు ఆటోలకు కమీషను మానేసి రోజువారీ చందా పద్ధతికి మారాయి కాబట్టి తెర మీద కనబడే అంకె మొదటి మాటే, చివరి మాట కాదు. ఒంటరిగా ఉండి, సామాను లేకపోతే దగ్గరి దూరానికి బైకే దిక్కు. అది సందుల్లోంచి వస్తుంది, సందుల్లోంచే పోతుంది. వెనక కూర్చున్నవాడికి ఇచ్చే హెల్మెట్ గురించి అంతకుముందు దాన్ని పెట్టుకున్నవాడి జుట్టునూనె చెబుతుంది.

టాక్సీ నిజంగా పనికొచ్చేది దూరాలకు, ముఖ్యంగా విమానాశ్రయానికి. 2008 మార్చి దాకా విమానం ఎక్కాలంటే అమీర్‌పేట నుంచి బేగంపేటకు పది నిమిషాలు. శంషాబాద్ మొదలయ్యాక అదే ప్రయాణం ముప్పై కిలోమీటర్లకు పైగా సాగింది. అక్కడికి మెట్రో లేదు. పంజాగుట్ట, మాసబ్‌ట్యాంక్ దాటి మెహిదీపట్నం చేరితే, 2009లో తెరిచిన 11.6 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే ఆరాంఘర్ దాకా తీసుకెళ్తుంది. ఆ పైవంతెన మీద కారు ఎంత వేగంగా పోయినా పంజాగుట్ట సిగ్నలు దగ్గర పోగొట్టుకున్న టైము తిరిగి రాదు. ఒక్కరే వెళ్తుంటే ఆర్టీసీ పుష్పక్ బస్సు చౌక. నలుగురు కలిస్తే కారే చౌక.

బస్సుల విషయం తెలిసినవాళ్లు మెట్రోను ఇంకా బాగా వాడుకోగలరు. సికింద్రాబాద్ నుంచి బేగంపేట, అమీర్‌పేట, యూసుఫ్‌గూడ మీదుగా కొండాపూర్ వెళ్లే 10హెచ్ బస్సును గుర్తుచేసుకోండి. నీలం లైను చాలావరకు దాని దారే. పటాన్‌చెరు నుంచి కూకట్‌పల్లి, అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాద్ మీదుగా కోఠి వెళ్లే 218 దారినే ఎరుపు లైను పట్టుకుంది. పాత హైదరాబాదీలకు బస్సు నంబరు చెబితే మెట్రో దానంతటదే అర్థమవుతుంది. కానీ 49ఎం వేరు. సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నానికి బేగంపేట, పంజాగుట్ట మీదుగా పోతుంది, అమీర్‌పేట జోలికి రాదు. పంజాగుట్ట నుంచి సికింద్రాబాద్ వెళ్లాల్సినవాడు మెట్రో ఎక్కితే ముందు వెనక్కి అమీర్‌పేట పోయి, అంతస్తు మారి, మళ్లీ బేగంపేట వైపు రావాలి. 49ఎం అయితే తిన్నగా. సికింద్రాబాద్ రైల్వే స్టేషనుకు మెట్రోలో వెళ్లేవాళ్లు దిగాల్సింది సికింద్రాబాద్ ఈస్ట్‌లో. పరేడ్ గ్రౌండ్‌లో దిగితే పెట్టె లాక్కుంటూ నడవాలి.

2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఇక్కడ మెట్రో ఎక్స్‌ప్రెస్ అంటే రైలు కాదు, రైలు రాకముందు నుంచీ ఆ పేరుతో తిరుగుతున్న బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టిక్కెట్టు ఇస్తారు. దాంతో ఒకే ఇంట్లోంచి ఒకే చోటికి బయల్దేరిన మొగుడూ పెళ్లాలు వేరువేరు దారుల్లో వెళ్తున్నారు. ఆయన మెట్రోలో డబ్బు కట్టి ముందు చేరుకుని స్టేషను కింద నిలబడతాడు, ఆమె ఉచితంగా బస్సులో వెనక చేరుకుంటుంది. మిగిల్చిన డబ్బులతో ఇద్దరూ మిర్చిబజ్జీలు తింటారు.

నడక గురించి ఆఖర్న చెప్పడం మన నగర ప్రణాళికల పద్ధతి, నేనూ అదే చేశాను. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు ఫుట్‌పాత్ ఉంది. ఉంది అన్నంతవరకే. స్టేషను మెట్లు కొంత తీసుకున్నాయి, ట్రాన్స్‌ఫార్మరు కొంత, జ్యూసు బండి కొంత, షాపువాళ్ల బైకులు మిగిలింది తీసుకున్నాయి. మైత్రీవనం వైపు అయితే కరపత్రాలు పంచే కుర్రాళ్లు దారిలో వరసగా నిలబడతారు. పది అడుగులు వేసేసరికి చేతిలో నాలుగు కోర్సుల కాగితాలుంటాయి. ఏడాది కిందటి కోర్సు పేరు ఈ ఏడాది కాగితాల్లో ఉండదు. దేశంలో ఏ ఉద్యోగాలు పెరుగుతున్నాయో తెలుసుకోవడానికి ఆ కాగితాలు పోగుచేస్తే చాలు. నడిచేవాడికి అందే లాభం అదొక్కటే.

నెత్తిమీద కాంక్రీటు ఉండటం నడిచేవాడికి నీడే కాదు, ఇంకోటి కూడా. 2007 సెప్టెంబరు 9న పంజాగుట్టలో కడుతున్న ఫ్లైఓవర్ కొంత భాగం కూలి, కింద వెళ్తున్న వాహనాల మీద పడి ఇద్దరు చనిపోయారు. 2019 సెప్టెంబరులో వాన పడుతుంటే అమీర్‌పేట స్టేషను కింద తలదాచుకున్న ఒక యువతి మీద పైనుంచి పెచ్చు ఊడిపడి ప్రాణం పోయింది. రెండుసార్లూ రోడ్డున పోయేవాళ్లే బలయ్యారు, పైన ప్రయాణిస్తున్నవాళ్లు కాదు. వానకు స్టేషను కింద ఆగడం మానలేం, ఎందుకంటే ఈ రోడ్డు మీద ఆగడానికి ఇంకో నీడ లేదు. మెట్లెక్కి మొదటి అంతస్తు హాల్లోకి వెళ్లి నిలబడటం మంచిది. దానికీ టిక్కెట్టు అక్కర్లేదు.

వాన అన్నాం కాబట్టి ఇంకో మాట. గట్టి వాన ఒక గంట పడితే ఈ ప్రాంతంలో లెక్కలన్నీ తలకిందులవుతాయి. జూబ్లీహిల్స్ గుట్టల మీద పడ్డ నీళ్లు కృష్ణానగర్, యూసుఫ్‌గూడ మీదుగా పల్లానికి దిగుతాయి. మైత్రీవనం దగ్గర రోడ్డు మాయమవుతుంది. యాప్‌లో కారు ధర రెట్టింపు చూపిస్తుంది, రెట్టింపుకు ఒప్పుకున్నా కారు రాదు. ఆటో అన్న బేరానికి కూడా ఆగడు. ఫుట్‌పాత్ ఎక్కడుందో, మ్యాన్‌హోల్ ఎక్కడుందో కనబడదు కాబట్టి నడక కూడదు. అలాంటి సాయంత్రం పైన రైలు మాత్రం ఎప్పట్లాగే వస్తుంది. అందరికీ ఆ సంగతి ఒకేసారి గుర్తొస్తుంది కాబట్టి రెండు మూడు రైళ్లు వదిలేసి ఎక్కాల్సి రావచ్చు. అయినా ఆ రోజు ఒక్క స్టేషనుకైనా పదకొండు రూపాయలు పెట్టొచ్చు.

హాస్టలు పిల్లలకు ఉపయోగపడే సంగతి ఒకటి మిగిలింది. పండక్కి ఊరెళ్లి తిరిగొచ్చే ప్రైవేటు బస్సులు తెల్లవారుజామున నాలుగున్నర, అయిదింటికి ఎస్సార్ నగర్‌లోనో అమీర్‌పేటలోనో దించేస్తాయి. మొదటి మెట్రో ఆరు గంటలకు. ఈ గంటా గంటన్నరే ఇక్కడి ఆటోలకు బంగారు సమయం. చేతిలో పచ్చడి డబ్బాల అట్టపెట్టె, వీపున బ్యాగు, కళ్లలో నిద్ర ఉన్న కుర్రాణ్ణి చూడగానే ధర మూడింతలవుతుంది. బల్కంపేట, ఎల్లారెడ్డిగూడ లాంటివి నడిచే దూరాలే, తెలియనివాడికే ఆటో కావాలి. కూకట్‌పల్లో దిల్‌సుఖ్‌నగరో పోవాల్సినవాడు రోడ్డు పక్కన ఇరానీ చాయ్ దొరికేచోట పెట్టె పక్కన పెట్టుకుని కూర్చోవచ్చు. ఆరింటికి స్టేషను గేటు తీస్తారు, ఆరుంపావుకు అడగండి, అదే ఆటో అన్న సగం ధరకు వస్తానంటాడు.